సుధాకర్ సార్ కత్తి ఎవరికీ ఇవ్వడు

ఫిబ్రవరి వచ్చిందంటే సుధాకర్‌కు పెళ్ళిళ్ళ సీజన్లో బ్యాండు మేళం వాళ్ళకున్నంత గిరాకీ. ఇరవై ఎనిమిదిన సైన్సు దినోత్సవం. ఆ ఒక్క తేదీకే సూర్యాపేట నుంచి రెండు బడులు, కోదాడ నుంచి మూడు, హుజూర్‌నగర్ నుంచి ఒకటి ఫోన్లు చేస్తాయి. మనిషేమో ఒక్కడు. అందుకని ఆ చుట్టుపక్కల సైన్సు దినోత్సవం ఆయన పుణ్యమా అని ఫిబ్రవరి పదిహేనున మొదలై మార్చి పదిదాకా జరుగుతూనే ఉంటుంది.

ఇంతా చేసి ఆయన సైంటిస్టు కాడు, పంతులూ కాడు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ఎలక్ట్రీషియన్. మోటార్లు కాలిపోకుండా చూసుకోవడం ఉద్యోగం. బాబాలు, మంత్రగాళ్ళు చూపించే మహిమల గుట్టు బడిపిల్లల ముందు విప్పడం వ్యసనం. గాలిలోంచి విభూతి తీస్తాడు. కొబ్బరికాయలోంచి మంట రప్పిస్తాడు. నిమ్మకాయ కోసి నెత్తురు కారుస్తాడు. పిల్లలు నోళ్ళు తెరిచాక, ఒక్కొక్కటీ ఎలా చేశాడో చెప్పి ఆ నోళ్ళు మూయిస్తాడు. సరంజామా అంతా ఒక రేకు పెట్టెలో ఉంటుంది. ఇరవై ఏళ్ళలో ఆ పెట్టె ఎక్కని బస్సు ఆ రూట్లలో లేదు. ఇవాళ ఏ బాబాకు మూడిందని కండక్టర్లే ఆయన్ని పలకరిస్తారు.

దీనికి ఆయనకు ముట్టేది బస్సు చార్జీ, బడిలో మధ్యాహ్న భోజనం, చివర్లో ఒక శాలువా. శాలువాలు ఇంట్లో ముప్పై దాకా చేరాయి. భార్య భాగ్య ఒకటి కూలరుకు కప్పింది, ఒకటి కుట్టుమిషనుకు తొడిగింది, ఒకటి బియ్యం డబ్బా మీద ఎలుకలకు అడ్డం పెట్టింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారే, అచ్చం అదే. ఊళ్ళోవాళ్ళ దయ్యాల భయం పోగొట్టే ఈ మనిషికి బల్లి అంటే చచ్చేంత భయం. గోడ మీద బల్లి కనిపిస్తే మంచమెక్కి భాగ్యను కేకేస్తాడు. ఆమె చీపురు పట్టుకొచ్చి, ఈ సంగతి నీ పెట్టె మీద రాయించమంటావా అని అడుగుతుంది.

ఈ వ్యసనం ఊరికే అంటుకున్నది కాదు. ఆయన ఐదో తరగతిలో ఉండగా ఒక సాధువు వాకిట్లో కూర్చుని నిమ్మకాయ కోశాడు. ఎర్రగా కారింది. ఇంటికి గండం ఉందన్నాడు. తల్లి గడగడలాడుతూ చెవుల కమ్మలు తీసి అతని జోలెలో వేసింది. పదేళ్ళ తర్వాత, సూర్యాపేటలో డిగ్రీ చదువుతున్నప్పుడు, కాలేజీకి వచ్చిన ఒక పెద్దాయన అలాగే నిమ్మకాయ కోసి, కత్తికి ముందే మందారపువ్వు రుద్ది ఆరబెట్టానని, నిమ్మరసం తగిలి అది ఎర్రబడిందని చెప్పాడు. సుధాకర్ ఆ సాయంత్రమే బస్సెక్కి ఊరికెళ్ళి తల్లి ముందు నిమ్మకాయ కోశాడు. ఆమె ఎర్రటి రసం వైపు చూసింది, బోసి చెవులు తడుముకుంది, "గిదేదో అప్పుడే నేర్సుకుంటే ఏం పోయిందిరా" అంది. అప్పుడు నవ్వుకున్నారు గానీ, ఆ మాట ఆయన్ని ఇప్పటికీ గుచ్చుతూనే ఉంటుంది.

అందుకే ఆయన ప్రదర్శనలో నిమ్మకాయకే పెద్దపీట. విభూతికి పిల్లల్లో ఎవరినైనా పక్కన నిలబెట్టుకుంటాడు, కొబ్బరికాయ పట్టుకోమని హెడ్మాస్టరుకే ఇస్తాడు. కత్తి మాత్రం ఎవరికీ ఇవ్వడు. చిన్నపిల్లలు, చేతులు తెగుతాయి అంటాడు. నిజానికి ఆ కత్తితో తోటకూర కాడ కూడా సరిగ్గా తెగదు. అసలు సంగతి వేరే. ఎర్రగా కారినప్పుడు హాలంతా ఒక్కసారి ఊపిరి బిగపట్టుకుంటుంది చూడండి, అది తన చేతి మీదుగానే జరగాలి. ఆ ఒక్క క్షణం కోసమే ఆయన షిఫ్టులు మార్చుకుని, ఎండలో పెట్టె మోసుకుని తిరుగుతాడు. ఈ మాట ఎవరైనా అంటే ఒప్పుకోడు, పైగా అలుగుతాడు.

ఈ ఏడు ఒక గురువారం ఆత్మకూర్ (ఎస్) దగ్గరి ఒక ఊరి హైస్కూలుకు వెళ్ళాడు. అక్కడి సైన్సు టీచర్ శాంతకుమారి కోదాడ మనిషి, రోజూ రెండు బస్సులు మారి వస్తుంది. ఆమె పిల్లలతో సరిపెట్టకుండా ఊరివాళ్ళందరినీ రమ్మని ముందురోజే డప్పు చాటింపు వేయించింది. వరండాలో పిల్లల ప్రదర్శన, చెట్టు కింద సుధాకర్ మహిమలు. నూటయాభై మంది పెద్దవాళ్ళు వచ్చారు. అంత జనాన్ని చూసేసరికి ఆయనకు హుషారు తన్నుకొచ్చింది. నిమ్మకాయ కోశాడు, జనం ఊపిరి బిగపట్టారు, ఆయన కడుపు నిండింది. తర్వాత మందారంలోని రంగు పదార్థం గురించి, ఆమ్లాల గురించి, క్షారాల గురించి పావుగంట దంచాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు కాబట్టి పెద్దలూ కొట్టారు.

భోజనాల దగ్గర ఒక యాభై దాటిన మనిషి వచ్చి పక్కన నిలబడింది. పేరు నాంచారమ్మ. మనవరాలు ఆ బడిలోనే ఎనిమిదో తరగతి. ఇంటికి అరవై గొర్రెల మంద. వారం రోజులుగా మందలో పారుడు రోగం పడింది. ముక్కులు కారి, పారుకుని, ఆరు గొర్రెలు చచ్చిపోయాయి. శనివారం పశువుల దవాఖాన వాళ్ళు ఊరికి వచ్చి బాగున్న గొర్రెలన్నిటికీ రోగం అంటకుండా సూదులు వేస్తారట. కానీ ఆదివారం అమావాస్య. పక్క ఊరి మంత్రగాడు వచ్చి మంద చుట్టూ నిమ్మకాయలు కోస్తానన్నాడు. ఈలోపు సూది గుచ్చితే మంత్రం పారదని గట్టిగా చెప్పి పోయాడు.

"ఇది మా శోభ చేసిన పని సారూ," అంది నాంచారమ్మ గొంతు తగ్గించి. శోభ ఎవరని సుధాకర్ అడిగాడు. సొంత చెల్లెలు. అక్కాచెల్లెళ్ళు అన్నదమ్ములను చేసుకున్నారు, ఒకే వాకిలిలో కాపురాలు. పదకొండేళ్ళ కింద కూడా ఇలాగే గొర్రెపిల్లలు చచ్చిపోతే ఈ మంత్రగాడే వచ్చి, నీ ఇంటి మనిషే చేతబడి చేస్తే నిమ్మకాయలో నెత్తురు కనిపిస్తుందని చెప్పి కోశాడు. కనిపించింది. ఆ రోజు నుంచి అక్క చెల్లెలితో మాట్లాడలేదు. వాకిలి నడుమ గోడ కట్టించింది. చెల్లెలి కూతురి పెళ్ళికి డప్పులు గోడ అవతల మోగుతుంటే ఈమె తలుపేసుకుని కూర్చుంది.

ఇంత చెప్పి ఆమె అసలు మాటకొచ్చింది. "గా మంత్రగాడు కోస్తే నల్లని నెత్తురు కారుతది. నువ్వు కోస్తే ఎర్రగ, మంచిగ కారింది. నీ హస్తవాసి మంచిగుంది సారూ. మా మందకాడికొచ్చి జర నువ్వే ఒక కాయ కొయ్యి. నువ్వు కోసినంక సూదులు గూడ ఏపిస్త."

రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినట్టయింది. సుధాకర్‌కు తల ప్రాణం తోకకొచ్చింది. పావుగంట ఏం చెప్పానమ్మా, అది నెత్తురు కాదు, పువ్వు రంగు అన్నాడు. విన్నానంది. నా చేతిలో ఏమీ లేదన్నాడు. ఉన్నవాళ్ళందరూ అలాగే అంటారంది. ఆయనకు ఒళ్ళు మండింది. నేను నీ మంత్రగాడి లాంటివాణ్ణా, నిమ్మకాయ కోసి గొర్రెలను బతికించేవాణ్ణయితే మిల్లులో మోటార్లు ఎందుకు బాగుచేస్తాను, మీలాంటి వాళ్ళు ఉన్నన్ని రోజులు ఈ దేశం ఇంతే అని పదిమందిలో కసిరేశాడు. నాంచారమ్మ కొంగు భుజం మీదికి లాక్కుని వెళ్ళిపోయింది.

శాంతకుమారి ఇదంతా చూస్తూనే ఉంది. చేతులు కడుక్కునే చోట మెల్లగా అంది. "ఒక్క నిమ్మకాయే కదండీ సార్. కోసేస్తే సరిపోయేది. ఆవిడ సూదులేయిస్తుంది, గొర్రెలు బతుకుతాయి. మీ సిద్ధాంతం ఏమైనా అరిగిపోతుందా?"

అరిగిపోతుందన్నాడు సుధాకర్. అని శాలువా కప్పించుకుని బస్సెక్కాడు. సూర్యాపేట దాటేదాకా కోపం ఉంది. నేరేడుచర్ల వచ్చేసరికి కోపం పోయి సిగ్గు మిగిలింది. ఆమె గొర్రెలు చస్తున్నాయని చెప్పుకోవడానికి వచ్చింది, తను దేశం గురించి ఉపన్యాసం ఇచ్చాడు. తన తల్లి కమ్మలు తీసి ఇచ్చినప్పుడు ఆమెనెవరైనా ఇలా పదిమందిలో తిడితే తను ఊరుకునేవాడా? ఆ ఆలోచన వచ్చాక కిటికీ లోంచి ఏమీ చూడబుద్ధి కాలేదు.

ఇంటికి వెళ్ళి జరిగింది భాగ్యకు చెప్పాడు. కోయాలా వద్దా అన్నదే తన బాధ అన్నాడు. కోస్తే మంత్రగాళ్ళలో తనూ ఒకడవుతాడు. కోయకపోతే శనివారం సూదులు వేయించదు, మంద ఖతం. పైగా ఆదివారం మంత్రగాడు కోస్తాడు, ఆ చెల్లెలి మీద నింద రెండోసారి ఖాయమవుతుంది, ఈసారి ఊరంతా ఆమెను ఏమంటారో. భాగ్య జాకెట్టుకు హుక్కులు కుడుతూ వింది. విని, తల ఎత్తకుండానే అడిగింది.

"ఇరవై ఏండ్ల సంది నాకు గూడ ఎన్నడన్న గా కత్తి ఇచ్చినవా?"

సుధాకర్ ఇవ్వలేదన్నాడు.

"మరి నాకు గూడ నీ చేతుల ఏమో ఉన్నట్టే అనిపిస్తది," అంది భాగ్య. అని దారం కొరికింది.

ఆయన అక్కడే కుర్చీలో కూలబడ్డాడు. ఇరవై ఏళ్ళు ఊరూరా తిరిగి తను చేసిందేమిటి? కత్తి పట్టుకుని అందరి ముందు నిలబడ్డాడు. జనం ఆ కత్తినే చూశారు, ఆ చేతినే చూశారు. ఆ తర్వాత చెప్పినదంతా వాళ్ళకు పురాణం. ఆ సాధువు నిలబడ్డ చోటే తనూ నిలబడ్డాడు. కాకపోతే వాడు కమ్మలు పట్టుకుపోయాడు, తను శాలువాలు తెచ్చుకున్నాడు. భాగ్య మీద కోపం తెచ్చుకుందామని చూశాడు గానీ రాలేదు. ఆమె చెప్పింది నిజం.

శనివారం సెలవు పెట్టి, పెట్టె తీసుకోకుండా బయలుదేరాడు. జేబులో రెండు నిమ్మకాయలు, కాగితంలో చుట్టిన కత్తి, గుప్పెడు మందారపూలు. అన్నేళ్ళలో మొదటిసారి పెట్టె లేకుండా చూసి, రిటైరయ్యారా సారూ అని కండక్టరు కంగారుపడ్డాడు.

నాంచారమ్మ ఇల్లు వెతకక్కర్లేదు. వాకిలి మధ్య గోడ ఉన్న ఇల్లెక్కడంటే చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. గోడకు ఇవతల ఈమె మంద, అవతల శోభ మంద. పశువుల దవాఖాన కాంపౌండర్ కాశీరాం ఐసు డబ్బా పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. ఊళ్ళో మిగతా మందలన్నీ అయ్యాయట, ఈ రెండే మిగిలాయి. ఈమె ఆదివారం దాటనివ్వమంటోంది, డబ్బాలో మందు రేపటిదాకా ఆగదని ఆయనంటున్నాడు. రోగం తగిలిన మూడు గొర్రెలను విడిగా మూలకు కట్టేశారు. అవి తలలు వేలాడేసుకుని ఉన్నాయి.

సుధాకర్‌ను చూడగానే నాంచారమ్మ ముఖం విప్పారింది. వస్తావని నాకు తెలుసంది. చుట్టుపక్కల పదిమంది పోగయ్యారు. సుధాకర్ ముందుగా, మొన్న కసిరినందుకు ఆమెకు నమస్కారం పెట్టి, నాదే తప్పన్నాడు. ఇంత పెద్ద సారు తప్పు ఒప్పుకోవడమేమిటని ఆమె కంగారుపడింది. ఆయన కాగితం విప్పి కత్తి తీశాడు. ఒక్క క్షణం చేతిలోనే పట్టుకున్నాడు. ఇవ్వాలంటే నిజంగానే చెయ్యి రాలేదు. అయినా పిడి ఆమె వైపు తిప్పి అందించాడు.

"నేను కొయ్యనమ్మా. నువ్వే కొయ్యి," అన్నాడు.

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. నాకు మంత్రం రాదు, మడి కట్టుకోలేదు అని ఏవేవో చెప్పింది. ఆయన మందారపూలు ఆమె దోసిట్లో పోసి, ముందు వీటిని కత్తికి రుద్దమన్నాడు. అరుగు మీద కూర్చుని ఆమె కూరకు గోంగూర నలిపినట్టు నలిపింది. కత్తికి నల్లటి ఊదారంగు పట్టింది. ఆరేదాకా ఎండలో పెట్టారు. ఆ కాసేపూ సుధాకర్ నోరు తెరవలేదు. ఆమ్లం లేదు, క్షారం లేదు. మాట్లాడకుండా ఉండటం ఆయన జీవితంలో ఇంత కష్టం ఎప్పుడూ కాలేదు.

తర్వాత నాంచారమ్మ కళ్ళు మూసుకుని నిమ్మకాయ కోసింది. ఎర్రగా, ఆమె మణికట్టు మీదుగా కారింది. జనం ఊపిరి బిగపట్టారు. ఈసారి సుధాకర్ వైపు ఎవరూ చూడలేదు.

ఆమె కళ్ళు తెరిచి చేతిని చూసుకుంది. ముందు నవ్వొచ్చింది. "నా హస్తవాసి గూడ మంచిదే ఉన్నదే," అని మనవరాలితో అంది. అందరూ నవ్వారు. ఆమె నవ్వుతూనే ఎర్రటి వేలిని నోట్లో పెట్టుకుని రుచి చూసింది. పులుపు. ఇంకోసారి చూసింది. ఉత్త నిమ్మకాయ పులుపు.

అప్పుడు నవ్వు ఆగిపోయింది. అరుగు మీది నలిగిన పూలను చూసింది. గోడను చూసింది. సుధాకర్‌కు భయం వేసింది, ఏడుస్తుందేమోనని. ఆమె లేచి, మిగిలిన నిమ్మకాయ, మిగిలిన పూలు, కత్తి కొంగులో వేసుకుని వీధిలోకి నడిచింది. చుట్టూ తిరిగి గోడ అవతలి వాకిట్లోకి వెళ్ళింది. పదకొండేళ్ళలో ఆ గడప తొక్కడం అదే మొదలు. పోగైన జనమంతా వెనకే వెళ్ళారు. కాశీరాం కూడా ఐసు డబ్బా పట్టుకుని వెళ్ళాడు.

శోభ గొర్రెలకు తుమ్మకాయలు వేస్తోంది. అక్కను, వెనక జనాన్ని, అక్క కొంగులో కత్తిని, చేతికి ఎర్రటి మరకను చూసి బిక్కచచ్చిపోయింది. మళ్ళీ నింద మోయాలని సిద్ధపడ్డట్టు గోడకు ఆనుకుని నిలబడింది. నాంచారమ్మ ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. పూలు కత్తికి రుద్దింది. ఆరేదాకా ఎండలో పెట్టింది. తర్వాత కత్తి, నిమ్మకాయ చెల్లెలి చేతికిచ్చి కోయమంది. శోభ కోసింది. ఎర్రగా కారింది.

శోభ ఆ కాయను, కింద నలిగిన పూలను చూసింది. కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి.

"నాకేం తెల్వదని నేను గప్పుడే చెప్పిన గదక్కా," అంది.

"చెప్పినవ్," అంది నాంచారమ్మ. "ఒక కాయ మాట ఇన్న. నీ మాట ఇనలే."

ఆ తర్వాత ఆమె ఏడ్చింది, దాచుకోకుండా, గట్టిగా. శోభ పక్కన కూర్చుంది గానీ ఓదార్చలేదు. పదకొండేళ్ళ కోపం ఒక్క నిమ్మకాయతో పోతుందా. కూతురి పెళ్ళి సంగతి ఎత్తింది, ఇంకా ఏవేవో ఎత్తింది. అక్క అన్నిటికీ తల ఊపింది. కాశీరాం మాత్రం అక్కాచెల్లెళ్ళ పంచాయతీ తెగేదాకా మందు ఆగదని గొణుగుతూ సిరంజి తీసి, ముందు ఎవరి మందకు వేయమంటారని అడిగాడు.

నాంచారమ్మ ముక్కు చీదుకుని, చెల్లెలి మంద వైపు చూపించింది. "వాటికే ముందు ఎయ్యి. మావి తర్వాత," అంది. శోభ లేచి వెళ్ళి మొదటి గొర్రెను పట్టుకుంది. ఒక్కదానితో కావడం లేదని చూసి, అక్క లేచి రెండో పక్క పట్టుకుంది.